మేనత్త కార్డుకి మంచినీళ్ళు

పేచీ మాస్టారు నవ్వగా చూసినవాళ్ళు ఆ ఆఫీసులో లేరు. ఆయన పని అలాంటిది.

ఆ కంపెనీ ఆట కార్డులు తయారుచేస్తుంది. పిల్లలూ పెద్దలూ ప్యాకెట్లు కొని, చింపి, నచ్చినవి దాచుకుని, రెండేసి వచ్చినవి పక్కవాళ్ళతో మార్చుకుని, ఎదురెదురుగా కూర్చుని ఆడతారు. ఒక్కో కార్డు మీద ఒక బొమ్మ, బొమ్మ కింద రూలు, రూలు కింద సన్నని అక్షరాల్లో ఒక మాట. కొత్త కార్డు ఏది పుట్టినా ముందు మాస్టారి బల్ల మీదకి రావాలి. లోకంలోని పేచీకోరు ఆటగాళ్ళంతా కలిసి ఎలా ఆడతారో ఆయన ఒక్కరే అలా ఆడి చూస్తారు. రూల్లో సందు దొరికిందా, దూరిపోతారు. సందు దొరకని కార్డే ప్రెస్సుకి వెళుతుంది. నవ్వితే కళ్ళు మూతపడతాయి, అప్పుడే సందు కనపడకుండా పోతుంది అని ఆయన సిద్ధాంతం.

ఫోనమ్మాయిని ఆ బల్ల దగ్గరికి తెచ్చింది ఆయనే. రూలు అర్థంకాని ఆటగాళ్ళు ఫోన్ చేస్తే జవాబు చెప్పడం ఆమె ఉద్యోగం. పోట్లాడటానికి ఫోన్ చేసినవాళ్ళు కూడా నవ్వుతూ పెట్టేస్తున్నారని మాస్టారు గమనించారు. యజమానికి చెప్పారు. ఆయన పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి కొన్నాళ్ళు గడిపి, చివరికి ఒక మాటకి ఒప్పుకున్నారు. ఈసారి వచ్చే సరదా ప్యాకులో ఆమె కార్డు ఒక్కటైనా ప్రెస్సుకి వెళితే డిజైన్ గదిలో కుర్చీ ఆమెది. వెళ్ళకపోతే మళ్ళీ ఫోను దగ్గరికి.

సరదా ప్యాకుకి ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది. నవ్వు బొమ్మలో ఉంటే చాలదు, రూల్లో ఉండాలి. బొమ్మ చూసి వచ్చిన నవ్వు రెండోసారికి పాతబడుతుంది. రూల్లోంచి వచ్చే నవ్వుని ఆడేవాళ్ళు ఎప్పటికప్పుడు పుట్టించుకుంటారు.

ఫోనమ్మాయి తెచ్చినవాటిలో మాస్టారి పేచీకి నిలిచినది ఒక్కటీ లేదు. ఇక మిగిలింది మేనత్త కార్డు. అది ఆమె సొంత మేనత్తే. చిన్నప్పటినుంచి ఆమెని పెంచింది ఆవిడ. ఇంట్లోంచి కాలు బయటపెట్టాలంటే ఆవిడ ఆరా దాటాలి. ఎక్కడికి, ఎవరితో, ఎందుకు, గొడుగు ఉందా, లేకపోతే ఎందుకు లేదు. కార్డు మీద రూలు ఇది: మేనత్త బల్ల మీద ఉన్నంతసేపూ, ఎదుటివాళ్ళు ఆవిడ అడిగినదానికి జవాబు చెబితేగాని దాడికి వెళ్ళకూడదు. అడిగేది ఆవిడని దించిన ఆటగాళ్ళు. అడుగున సన్నని అక్షరాల్లో, ‘అడిగితే తప్పేముంది?’

ఫైళ్ళు ప్రెస్సుకి వెళ్ళాల్సిన రోజు పొద్దున మాస్టారు మేనత్తని దించారు. ఫోనమ్మాయి తన ఏనుగు కార్డుని దాడికి ముందుకి జరపబోయింది.

“ఎక్కడికి?” అన్నారు మాస్టారు.

“మీ కోట మీదికి.”

“ఎవరు?”

“ఏనుగు.”

“తిన్నదా?”

తిన్నదని చెప్పింది. ఏం తిన్నదని అడిగారు. చెరకని చెప్పింది. ఎవరి తోటలోదని అడిగారు. ఆ తోటవాడికి చెప్పే తిన్నదా అని అడిగారు. గొంతులో ఎక్కడా ఎగుడుదిగుడు లేదు, కరెంటు ఆఫీసు కౌంటరు వెనకనుంచి వచ్చినట్టుంది. టీ వచ్చింది, చల్లారింది. ఏనుగు కదల్లేదు. చివరికి మాస్టారు కార్డుని వేలితో తట్టారు.

“ఎన్ని ప్రశ్నలో రాయలేదు నువ్వు. నా దగ్గర సాయంత్రం దాకా ఉన్నాయి. ఈలోపు నీ ఏనుగుకి మనవలు పుడతారు.”

మేనత్తతో పెరిగిన మనిషి చేసే పొరపాటే అది. ఆవిడ ప్రశ్నలకి ఒక లెక్క ఉంటుందని ఆమెకి ఏనాడూ తట్టలేదు.

యజమాని వచ్చి విషయం విన్నారు. దానికేముంది, ఒక్క ప్రశ్నే అని రాసేయండి అన్నారు. రాశారు, ఆడారు. ఈసారి ఎదురు కూర్చున్నది బొమ్మలాయన. గదిలో కార్డుల బొమ్మలన్నీ ఆయన వేసినవే. ఒక ప్రశ్న, ఒక జవాబు, దాడి. ఎవరూ నవ్వలేదు. అత్తలా లేదని, గేటు దగ్గర వాచ్‌మన్ అడిగినట్టుందని బొమ్మలాయన అన్నాడు. ఆయన మాట తీసెయ్యడానికి లేదు. లెక్క పెడితే అత్త పోతోంది, లెక్క పెట్టకపోతే ఆట పోతోంది.

యజమాని చెడ్డవారు కాదు. ప్రెస్సువాళ్ళు కాచుకుని కూర్చున్నారని, మేనత్త చోటుకి నిద్రపోయే పిల్లి కార్డు సిద్ధంగా ఉందని నెమ్మదిగా చెప్పారు. ఫోను దగ్గర సీటు అలాగే ఉంచానని కూడా చెప్పారు. ఫోనమ్మాయి తలూపింది. పెన్నుకి మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

“భోజనాల దాకా టైముంది కదండీ,” అన్నారు మాస్టారు యజమానితో. ఆమె వైపు తిరిగారు. “కుర్చీ మారు. ఈసారి అత్తవి నువ్వు. దాడి నాది.”

ఫోనులో మేనత్త గొంతుని ఆమె ఎన్నోసార్లు అనుకరించింది. ఇప్పుడు అనుకరించడానికి ఓపిక లేదు. ఎదురుగా ఉన్న మనిషిని చూసి, మేనత్తే ఉంటే ఏం అడిగేదో అది అడిగింది.

“టిఫిన్ చేశారా?”

“చేశాను.”

“ఏం తిన్నారు?”

“బ్రెడ్డు.”

“బ్రెడ్డేంటి, జ్వరమా? ఇంట్లో వండేవాళ్ళు లేరా?”

మాస్టారి ఇంటి సంగతి ఆ ఆఫీసులో అడిగినవాళ్ళు లేరు.

“వండేది నేనే.”

“మరెందుకు వండలేదు?”

“బద్ధకం.”

“బద్ధకం మనిషి చొక్కాకి ఇస్త్రీ ఎలా వచ్చింది?”

మాస్టారు చొక్కా వైపు చూసుకున్నారు. అందరి జవాబుల్లో సందులు వెతికే మనిషి నీళ్ళు నమిలారు. ఆమె తరవాతి ప్రశ్నకి నోరు తెరిచింది. ఆయన తన మోచేతి దగ్గరున్న నీళ్ళ గ్లాసు తీసి, రెండు చేతులతో పట్టుకుని, మేనత్త కార్డు ముందు పెట్టారు.

“అత్తయ్యా, ఎండన పడి వచ్చారు. ముందు మంచినీళ్ళు తాగండి.”

ఆమె తెరిచిన నోరు మూసింది. ఇంట్లోనూ అంతే. చేతికి గ్లాసు అందితే మేనత్త తాగేదాకా మాట్లాడదు. ఇన్నేళ్ళూ ఆమే ఇచ్చింది ఆ గ్లాసు, కార్డు రాసేటప్పుడు గుర్తురాలేదు. ముందు బొమ్మలాయన నవ్వాడు. తరవాత యజమాని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఫోనమ్మాయికి నవ్వు ఆగలేదు. ఆ సందడిలో మాస్టారు తన ఏనుగుని నడిపించి ఆమె కోట పడగొట్టారు.

“దాడి అయింది,” అన్నారు. “నీళ్ళు తాగే మనిషి అడగదు కదా.”

ఆయన మాత్రం నవ్వలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. వెంటనే పేచీకి దిగారు. నీళ్ళు ఊరికే వస్తే ప్రతివాడూ ఇస్తాడు, అత్త నోరు ఇక లేవదు. కాబట్టి గ్లాసుకి ఖరీదుండాలి. అత్త ఒక్క గుక్కలో తాగేస్తే ఏమిటి? కాబట్టి ఎంతసేపో చెప్పాలి. ఫోనమ్మాయి రాసింది, ఆయన కొట్టేశారు, ఆమె మళ్ళీ రాసింది. చివరికి నిలిచిన రూలు ఇది: జవాబు చెప్పలేనివాళ్ళు తమ చేతిలో కార్డు ఒకటి అత్త ముందు పెట్టి ‘మంచినీళ్ళు తాగండి అత్తయ్యా’ అనాలి. ఆ వంతుకి ఆవిడ ఇంక అడగదు. కార్డు పోగొట్టుకోవడం ఇష్టంలేనివాళ్ళు జవాబులు చెప్పుకుంటూ పోవచ్చు, ఎంతసేపైనా.

మాస్టారు మూడు రకాలుగా దూరడానికి చూశారు. దారి దొరకలేదు. బొమ్మలాయన అత్త చేతిలో గ్లాసు గీశాడు. భోజనాల వేళకి మేనత్త ప్రెస్సుకి వెళ్ళింది. పిల్లి ఇంకో ప్యాకు వచ్చేదాకా నిద్రపోవచ్చని యజమాని అన్నారు.

అచ్చయిన కార్డు చేతికొచ్చిన రోజు ఫోనమ్మాయి దాన్ని ఇంటికి తీసుకెళ్ళి మేనత్త చేతిలో పెట్టింది. ముందు నీళ్ళు ఇచ్చి, తరవాత కార్డు ఇచ్చింది. మేనత్త గ్లాసు ఖాళీచేసి, కళ్ళజోడు వెతుక్కుని, బొమ్మని చూసి, రూలు చదివి, మళ్ళీ బొమ్మని చూసింది.

“ఇలాంటి మనిషిని నేనూ ఎరుగుదును,” అంది. “మన మేడమీద ఆవిడ అచ్చం ఇంతే. ఊపిరి తీసుకోనివ్వదు. ఆవిడని చూసే రాశావా?”

ఫోనమ్మాయి అవునని చెప్పేసింది. మేనత్త ఆరా మొదలుపెట్టింది. ఎంతమంది కొంటారు, కొన్నవాళ్ళు ఏం చేసుకుంటారు, కుర్చీ ఇచ్చారా, చేతులున్న కుర్చీయేనా. అన్నిటికీ ఫోనమ్మాయి జవాబు చెప్పింది. ఆ ఇంట్లో తన రోజు ఎలా గడిచిందో అడిగే మనిషి లేని రోజే లేదని, తను బ్రెడ్డు తిని ఆఫీసుకెళ్ళిన రోజు ఒక్కటీ లేదని ఆమెకి అప్పుడు తోచింది. వంట గదిలోకి వెళ్ళి గ్లాసు మళ్ళీ నింపి తెచ్చింది గానీ, ఆవిడ ముందు పెట్టలేదు. ఇంకా అడగనిచ్చింది.

“ఈ నీళ్ళ సంగతి నీకే తట్టిందా?” అంది మేనత్త.

“కాదత్తా. మా మాస్టారికి.”

“ఆ మాట ఆయనకి చెప్పావా?”

ఫోనమ్మాయి నింపి తెచ్చిన గ్లాసుని అప్పుడు ఆవిడ ముందు పెట్టింది.

మర్నాడు పొద్దున మాస్టారు వచ్చేసరికి ఆయన బల్ల మీద టిఫిన్ బాక్సు, పక్కన నీళ్ళ గ్లాసు ఉన్నాయి. ఫోనమ్మాయి ఎదురుగా నిలబడింది.

“బాక్సు మా అత్త పంపింది,” అంది. “నీళ్ళు నావి. మీరు లేకపోతే ఆ కార్డు లేదు మాస్టారూ. ఈ కుర్చీ కూడా లేదు. ఆ రోజే చెప్పాల్సింది.”

మాస్టారు గ్లాసు వైపు చూశారు, ఆమె వైపు చూశారు.

“అయితే ఈ వంతుకి నేనేం అడగకూడదన్నమాట.”

కూర్చున్నారు. బాక్సు మూత తీసి, ఉన్నదంతా తిన్నారు. నీళ్ళు అడుగుదాకా తాగారు, తొందరేం పడలేదు. ఖాళీ గ్లాసుని బల్ల మీద బోర్లించి ఎర్ర పెన్సిల్ చేతిలోకి తీసుకున్నారు.

“నీళ్ళయిపోయాయి,” అన్నారు. “రెండో కార్డు ఏది?”