తెనాలిలో దిగని షారోన్

షారోన్‌కి కంప్యూటర్ సైన్సులో ఆటోమేటా పాఠం వచ్చినంత బాగా తెనాలిలో దిగడం వచ్చి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. రేపల్లెలో బండెక్కి గుంటూరు వెళ్లి ఎం.టెక్ చదివిన పిల్ల. తెనాలి వచ్చినా కదలకుండా కూర్చోవడం ఒంటికి అలవాటైపోయింది. ఆ రోజు వెళ్లాల్సింది మాత్రం బాపట్ల, ఓ ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి డెమో క్లాసు. తెనాలిలో దిగి బండి మారాలి. అమ్మాయిగారేమో కళ్లు మూసుకుని పాఠం వల్లె వేసుకుంటూ దర్జాగా గుంటూరు చేరుకున్నారు!

"ఓరి దేవుడా!" అని లబలబలాడుతూ మరో బండెక్కి వెనక్కి తెనాలి, అక్కణ్ణుంచి బాపట్ల. అంతకుముందు రెండు కాలేజీలు "సబ్జెక్టు వచ్చమ్మా, చెప్పడమే రాదు" అని పంపేశాయి. ఈసారీ అదే మాట వింటే పాఠాలు చెప్పే ఆశే వదిలేసుకుందామనుకుంది.

కాలేజీలో డిపార్ట్‌మెంటు హెడ్డు వెంకటకృష్ణయ్యగారు వాచీ చూపించారు. "మీ టైం ఎప్పుడో అయిపోయిందమ్మా. వచ్చారు కాబట్టి పది నిమిషాలు చెప్పి వెళ్లండి. ఉద్యోగం సంగతి మాత్రం అడక్కండి."

క్లాసులో పిల్లల ఎదుట బోర్డు ముందు నిలబడేసరికి వల్లె వేసిందంతా ఎగిరిపోయింది. పొద్దుటి నిర్వాకం ఒక్కటే గుర్తుంది. దాంతో నవ్వొచ్చింది, నవ్వుతో ధైర్యమూ వచ్చింది.

"పొద్దున నేనేం చేశానో చెప్పనా?" అంటూ నాలుగు గుండ్రాలు గీసి రేపల్లె, తెనాలి, గుంటూరు, బాపట్ల అని రాసింది. మొదలు రేపల్లెలో అని దానికో బాణం పెట్టింది. చేరాల్సింది బాపట్ల అని దాని చుట్టూ ఇంకో గుండ్రం చుట్టింది.

"ఆటోమేటా అంటే ఇలాంటి ఊహల మిషనే. ఈ మిషనుకి రెండే మాటలు తెలుసు. కూర్చో, మారు. రేపల్లెలో కూర్చుంటే తెనాలి. తెనాలిలో మారితే బాపట్ల. కూర్చుంటే?"

"గుంటూరు!" క్లాసంతా గొల్లుమంది.

"గుంటూరులో మారితే?"

"మళ్లీ తెనాలి!"

కిటికీ పక్కన కూర్చున్న ఉమామహేశ్వరి చెయ్యెత్తింది. "మేడమ్, రెండోసారి తెనాలి వచ్చినప్పుడు మిషనుకి సిగ్గేయదా?"

"గుర్తుంటేగా సిగ్గేయడానికి! ఎటు తిరిగొచ్చిందో దానికి అనవసరం. ఇప్పుడెక్కడున్నాను, ఇప్పుడేం మాట వచ్చింది, అంతే!" షారోన్ 'కూర్చో, కూర్చో, మారు, మారు' అని బోర్డు మీద రాసింది. ఒక్కో మాటకీ ఆమె వేలు ఒక్కో బాణం వెంట కదులుతుంటే పిల్లలు ఊరి పేర్లు అరిచారు. "మాటలు అయిపోయేసరికి రెండు గీతల గుండ్రంలో ఉందా, మిషను ఒప్పుకుంటుంది. లేదా, ఒప్పుకోదు!"

వెనక బెంచీలో కూర్చుని వింటున్న వెంకటకృష్ణయ్యగారు లేచారు. "బానే చెప్పారు. కానీ ఇంత ఆలస్యంగా వచ్చినవాళ్లని ఎలా తీసుకోమంటారమ్మా?"

షారోన్ సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది.

"సార్!" ఉమామహేశ్వరి లేచి నిలబడింది. "మేడమ్ ఎటు తిరిగొచ్చారో మనం అడక్కూడదండి. మాటలు అయిపోయేసరికి బాపట్లలో ఉన్నారు. ఒప్పుకోవాలి సార్!"

క్లాసు బల్లలు దద్దరిల్లిపోయాయి.

"నువ్వు ఈ సబ్జెక్టు తప్పావు కదమ్మా?" అన్నారాయన ఆశ్చర్యంగా.

"అవునండి. ఇప్పుడే అర్థమైందండి."

ఆయన బోర్డు వైపు చూసి షారోన్ వైపు తిరిగారు. "సోమవారం మొదటి క్లాసు మీదే. మీకు దణ్ణం పెడతానమ్మా, తెనాలిలో దిగండి."