పూజలో కూర్చున్న పానాలు

ఆ మోటారు బండికి సీటు లేదు. మా అమ్మాయి ఋతుజ దాన్ని కొన్నాక మొదట చేసిన పని సీటు పీకి అటక మీద పడేయడం. తర్వాత వెనక చక్రానికి పెద్ద పళ్లచక్రం వేయించింది. టైర్లలో సగం గాలి తీసేసింది. ఈ మరాఠీ ఊళ్లో మా తెలుగు నేతగాళ్లుండే జోడ్‌భావి పేట్ సందుల్లో దాన్ని నెట్టుకుంటూ పోతుంటే ఎదురైన ప్రతివాడూ "గాలి పోయింది చూస్కో బిడ్డా" అంటాడు. కావాలనే తీసిందని అందరికీ చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

పోనీ వేగంగా నడిపే పోటీలకా అంటే అదీ కాదు. రాళ్ల మీదుగా, గుంతల్లోంచి నత్తలా పోవాలట. కాలు కింద పెట్టకూడదట. పెట్టినప్పుడల్లా ఒక తప్పు. తప్పులు తక్కువ చేసినవాళ్లు గెలిచినట్టు. సాధన పేరుతో మరమగ్గాలున్న మా సాంచల షెడ్డు ముందు, ఇంజన్ గుర్రుమంటుండగానే, అంగుళం కదలకుండా బండి మీద నిలబడుతుంది.

"పెట్రోలు పోసుకొని నిలబడుడేంది?" అని ఒకరోజు అడిగాను.

"నిలబడుడే కష్టం పప్పా. ఉరికిచ్చుడు అందరికొస్తది."

రోజూ జపానికి కూర్చుని మనసును నిలపలేని నాకు ఆ మాట తగిలింది. కానీ విసుగు తగ్గలేదు. సాంచల దూది బండిలోకి పోతోందని ఆమె గొడవ. బండి మురికి మేం నేసిన తువాళ్లకు అంటుతోందని నా గొడవ.

ఊరి బయట పాత రాళ్ల గని ఉంది. అక్కడ నిలువుగా దిగే ఒక బండ మీంచి కాలు పెట్టకుండా దిగాలని ఏడాదిగా ఆమె పట్టు. ఆమె మొదటి పోటీ అక్కడే పెట్టారు. సెలవు కదా అని పోటీ నడిపే కుర్రాళ్లు సరిగ్గా ఖండే నవమి రోజే పెట్టారు.

ఆ రోజు మా ఇళ్లలో పనిముట్లకు పూజ. సాంచలు తుడిచి, నూనె పట్టించి, పసుపు కుంకుమలు పెడతాం. పానాలు, సుత్తి, కత్తెర, మగ్గంలో నూలు తిప్పే నాడెలు కొత్త తువాలు మీద అమ్మవారి ముందు పేరుస్తాం. మర్నాడు దసరా పొద్దున ఎత్తేదాకా వాటిని ఎవరూ ముట్టరు.

పొద్దున్నే పూజ అయ్యాక, ఋతుజ స్నానానికి వెళ్లినప్పుడు, మా అమ్మ యమునాబాయి బండికి కూడా పూజ చేసింది. పుట్టింది మొదలు మగ్గాల మధ్య బతికిన మనిషి. ఇనుము కనిపిస్తే నూనె తుడవాలి, అంతే. హ్యాండిలు, చైను, చివరికి ముందు చక్రం పక్కన తళతళలాడే బ్రేకు డిస్కు, దేన్నీ వదల్లేదు.

ఋతుజ బండి తీసి సందు మలుపు దాకా వెళ్లింది. బ్రేకు నొక్కింది. బండి ఆగలేదు. మలుపులో ఎదురుగా ఉన్న ఇంటి అరుగు మీద బీడీల తునికాకు గంపలో దూరింది. పిల్లకు దెబ్బ తగల్లేదు కానీ, ఎదురింటావిడ తిట్లు అశోక్ చౌక్ దాకా వినిపించి ఉంటాయి.

ఋతుజ బండి వెనక్కి తోసుకొచ్చి డిస్కు మీద వేలు రాసి చూసి నాయనమ్మను పిలిచింది.

"ఆజీ! దీనికి నూనె రాసినవా?"

"రాసిన. ముద్దుగ మెరుస్తలేదా?"

"బ్రేకు పడ్తలేదే!"

"సాంచకు రాస్తే మంచిగ నడుస్తది. నీ బండి నడువదా?"

"నడుస్తది ఆజీ, గదే కష్టం. ఆగుతలేదు!"

డిస్కును పెట్రోలుతో తుడవచ్చు. దాన్ని పట్టుకునే ప్యాడ్లు నూనె పీల్చుకుంటే ఇక పనికిరావట. అరిగినవైనా పొడిగా ఉన్న పాత ప్యాడ్ల జత ఆమె దగ్గర ఉంది. మార్చాలంటే పానాలు కావాలి. పానాలేమో అమ్మవారి ముందు బంతిపూలు కప్పుకుని కూర్చున్నాయి.

అశోక్ చౌక్‌లో మెకానిక్ వినాయక్ దగ్గరికి పరుగెత్తాను. దుకాణం తీసే ఉంది. అతని పానాలూ పూల కిందే ఉన్నాయి. "ఈరోజు ముట్టను కాకా, రేపు వెంటనే చేసిస్తా" అని మరాఠీలో నవ్వుతూ చెప్పి, చేతిలో బుందీ పొట్లం పెట్టాడు. ఆ పొట్లం పట్టుకుని ఇంటికి నడుస్తుంటే ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. తప్పు చేసినవాళ్లు ఎవరూ కనిపించరు. అందరూ భక్తిపరులే.

ఋతుజ బండి పక్కన చతికిలబడి ఉంది. "మధ్యాహ్నం నా వంతొస్తది పప్పా" అంది. పాత ప్యాడ్లను చేతిలో తిప్పుతోంది. అరిచినా బాగుండేది.

అమ్మవారి ముందు నిలబడ్డాను. పనిముట్టుకు ఏడాదిలో ఒక్కరోజు విశ్రాంతి ఇవ్వడం మర్యాదే, కాదనను. కానీ మన పూజ వల్లే చెడింది బాగుచేయడానికి కూడా ఆ పూజే అడ్డమైతే, అది నీకు ఇష్టమేనా తల్లీ? చేయి చాచాను. వెనక్కి తీసుకున్నాను. మళ్లీ చాచాను.

"ఏంది అంబాదాసూ, దండం పెడ్తున్నవా, పానా దొంగతనం చేస్తున్నవా?" వెనక మా అమ్మ.

"అడుగుతున్ననే అవ్వా."

"ఏమన్నది?"

"ఏమనలే."

"జరుగు. పెట్టింది నేను, తీసేది నేనే." కర్పూరం వెలిగించింది. ఒక పానా మీద అక్షింతలు చల్లి, "తల్లీ, నూనె రాసింది నేను, పోరి కాదు" అని చెప్పి పక్కకు జరిపి నా చేతికిచ్చింది. "గిదొక్కటే. తక్కినయి ముట్టొద్దు."

ఆ ఒక్కటి చాలలేదు. ఋతుజ బయటినుంచి "ఆజీ, దీనికన్నా చిన్నది!" అని అరిచింది. మళ్లీ కర్పూరం, మళ్లీ అక్షింతలు. తర్వాత స్క్రూలు తిప్పే పేచ్‌కస్ కావాల్సి వచ్చింది. ఆ తర్వాత పట్టకారు. మా అమ్మ మోకాళ్లు పట్టుకుని లేస్తూ కూర్చుంటూ ఉంది.

"అన్ని ఒక్కసారే అడుగరాదే!" అని వంటింట్లోంచి నా భార్య సావిత్రి అరిచింది.

"విప్పినంక గద మమ్మీ తెలిసేది!"

"కర్పూరం అయిపోవస్తున్నది" అంది మా అమ్మ. "బిళ్లంత బ్రేకుకు ఇన్ని పానలా? మీ తాత సాంచలన్ని రెండు పానలతోని నడిపిండు."

"ఆజీ, సుత్తి!"

"తీస్కో! దేవిని గూడ తీస్కపో, బండి ఎనక కూసుంటది."

"సీటు లేదు ఆజీ."

చివరికి తువాలు మీద కత్తెర, నాడెలు మాత్రమే మిగిలాయి. ఋతుజ సందు మలుపు దాకా వెళ్లి బ్రేకు వేసింది. బండి ముక్కు వంచి ఆగింది. ఎదురింటావిడ అప్పటికే గంప లోపలికి తీసేసుకుంది. ఋతుజ మొహం కూడా కడుక్కోకుండా గనికి వెళ్లిపోయింది.

పానాలు కడిగి తెచ్చాను. వాటికి మళ్లీ పూజ చేయాలా, ఉన్నవి ఉన్నట్టు పెట్టేయాలా అని మా అమ్మనడిగితే, "నన్నేమడుగుతవ్, ఇందాక తల్లినే అడిగినవు గద" అని మొహం తిప్పుకుంది. చివరికి ఉత్త కుంకుమ పెట్టి పేర్చాను.

సాయంత్రం ఫోను మోగింది. "పప్పా, గెలువలే. కని ఆ బండ దిగిన! కాలు పెట్టకుంట దిగిన! పాత ప్యాడ్లే ఆపినయి!"

నేను నోరు తెరిచేలోపే మా అమ్మ ఫోను లాక్కుంది.

"బండ సరే. తక్కిన కాడ పెట్టినవా కాలు?"

"పెట్టిన ఆజీ. శాన సార్లు పెట్టిన."

"పూజలకెల్లి పానలు తీసిచ్చింది కాలు పెట్టనీకా?"

"వచ్చే నెల ఇంకోటి ఉన్నది. అప్పుడు పెట్టను ఆజీ."

మా అమ్మ ఫోను నా చేతిలో పెట్టి, మోకాలు రుద్దుకుంటూ గోడకు చేరగిలబడింది.

"ఏ రోజో అడుగు" అంది. "దీపావళి లక్ష్మీపూజ నాడు పెట్టిండ్రంటే మాత్రం నేను లేవ."