ఎర్రపెయ్య వాగు

స్కూలు బస్సు నడిపే ఉద్యోగం మానేశాక ఆర్డిత్‌కు ఫిడేలు పిచ్చి పట్టుకుంది. ఆమె ఉండే కొండల్లో ఎవరికైనా ఈ జబ్బు చిన్నప్పుడే అంటుకుంటుంది. ఈవిడకు అరవై దాటాక అంటుకుంది. ప్రతి గురువారం సాయంత్రం ఫైర్ స్టేషన్ హాల్లో ఊరివాళ్లు గుండ్రంగా కుర్చీలు వేసుకుని పాత వరసలు వాయిస్తారు. ఎవరి వంతు వస్తే వాళ్లు ఒక వరస ఎత్తుకోవాలి, మిగతావాళ్లు విని పట్టుకోవాలి. ఎత్తుకున్నవాళ్లు ఎలా వాయిస్తే ఆ పూటకు అదే శాసనం. వంతు తన దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆర్డిత్ తల అడ్డంగా ఊపి పక్కవాళ్లకు వదిలేసేది. బాంజో వాయించే డెల్మర్ ఆమెను "మా ప్రేక్షకురాలు" అనడం మొదలుపెట్టాడు. ఆ మాట వింటే ఆమెకు ఒళ్లు మండేది.

అందరికీ వచ్చిన వరస ఏదో ఒకటి ఎత్తుకుంటే సరిపోయేది. కానీ మనిషి పంతం అలా ఊరుకోనిస్తుందా! కోయ్ తప్ప ఇంకెవరూ ఎత్తుకోని 'ఎర్రపెయ్య వాగు' అనే వరస వాయించి డెల్మర్ నోరు మూయించాలని ఆమె పట్టుదల. కోయ్ ఎనభై దాటిన మనిషి, ఆ హాలుకు పెద్ద దిక్కు. ఈ మధ్య ఎందుకో ఆయన కూడా ఆ వరస జోలికి పోకుండా తేలికవాటితోనే వంతు గడిపేస్తున్నాడు. ఆర్డిత్ మొక్కజొన్న రొట్టె కాల్చి పట్టుకెళ్లి నేర్పమని బతిమాలింది. ఇది నేర్పితే వచ్చేది కాదని, విని పట్టుకోవలసిందేనని ఆయన విసుక్కున్నాడు. రొట్టె మాత్రం పుచ్చుకున్నాడు. చివరికి తన ఇంటి వరండాలో ఆయన ఒకే ఒక్కసారి వాయిస్తే ఆమె ఫోనులో రికార్డు చేసుకుంది.

చలికాలమంతా గిన్నెలు తోముతూ, మంచు ఎత్తిపోస్తూ దాన్నే విన్నది. రెండో భాగంలో, వరస పైకెక్కే చోట, కమాను ఒక్క క్షణం ఆగి మళ్లీ కదులుతుంది. పాత వరసల్లో ఇలాంటి వంకరలు మామూలే. వాటిని చక్కదిద్దబోయినవాళ్లనే అక్కడ తప్పుపడతారు. అందుకని ఆ ఆగడాన్ని కూడా తు.చ. తప్పకుండా నేర్చుకుంది.

వసంతం వచ్చాక ఒక గురువారం ఆర్డిత్ తన వంతు వదులుకోలేదు. ఆమె ఎత్తుకున్న కాసేపటికే హాలంతా అందుకుంది. ఆ చోటికి వచ్చేసరికి అందరూ కలిసి ఆగారు, కలిసి కదిలారు. ఆమె సంబరంగా కోయ్ వైపు చూసింది. ఆయనా వాయిస్తున్నాడు. తర్వాతి చుట్టులో వరస మళ్లీ ఆ చోటికి వచ్చినప్పుడు ఆయన చిటికెన వేలు తీగ మీదికి వంగనని మొరాయించింది. అది వంగేదాకా కమాను ఆగింది. అప్పుడు అర్థమైంది ఆర్డిత్‌కు. తను అంత శ్రద్ధగా నేర్చుకున్న ఆగడం వరసలోది కాదు, ముసలాయన వేలిది.

వరస ముగియగానే డెల్మర్ బాంజో ఒళ్లో పెట్టుకున్నాడు.

"కోయ్ బాబాయ్ ఈ వరస వాయిస్తుంటే వింటూ పెరిగినోణ్ణి. ఇందులో ఆగుడు లేదు. తప్పు నేర్చుకొచ్చి మా అందరి చేతా తప్పు వాయించావక్కా."

నిజం చెబితే కోయ్ పరువు పోతుంది, చెప్పకపోతే తనది. సిగ్గుతో చచ్చిపోతూనే, పొరపాటు తనదేనని ఆర్డిత్ ఒప్పుకుంది.

"దాని తప్పేం లేదురా," అన్నాడు కోయ్. "నేను వాయించినట్టే వాయించింది. నా చిటికెన వేలు పోయింది. వంగట్లేదు. మీ కంట పడకుండా నెట్టుకొస్తున్నా."

ఆయన తన ఫిడేలు కిందపెట్టాడు.

"మళ్లీ ఎత్తుకో, అమ్మాయ్. ఈసారి ఆగకుండా పో. అది సరిగ్గా విని చాలా కాలమైంది."

మొదటి చుట్టులో అలవాటుకొద్దీ ఆమె కమాను ఆగింది, ఆమెతో పాటు హాలూ ఆగింది. రెండో చుట్టులో ఆగలేదు. కోయ్ నవ్వాడు. తర్వాత చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. వరస మధ్యలో ఆపేయడం అక్కడి పద్ధతి కాదు కాబట్టి అందరూ వాయిస్తూనే ఉన్నారు.