అరగని టైర్లు

తమ్ముడి స్పోర్ట్స్ కారుకు టైర్లు కొనడానికి అక్క కూడా వెళ్లింది. దుకాణదారు రెండు రకాలు చూపించాడు. మెత్తని రబ్బరువి ఖరీదెక్కువ, ఏడాదికే అరిగిపోతాయి. గట్టివి చవక, నాలుగేళ్లు వస్తాయి.

"ఏడాదికే బోడిగుండయ్యేవాటికి అంత డబ్బు పోస్తావట్రా? గట్టివే వేయించు," అంది అక్క. చెప్పులు కొన్నా, చీపురు కొన్నా మన్నిక చూసే మనిషి ఆమె.

"సరేలే, కాదంటే ఇంటిదాకా సణుగుతావు," అని తమ్ముడు నవ్వాడు.

టైర్లు బిగించాక దుకాణదారు చేతులు తుడుచుకుంటూ, "వానలో మాత్రం జోరు తగ్గించండి. గట్టి రబ్బరు తడి రోడ్డును సరిగ్గా పట్టుకోదు. పట్టు కావాలంటే అరుగుదల తప్పదు," అన్నాడు.

అక్క చప్పున బయటికి చూసింది. తమ్ముడు ఆ సాయంత్రమే కొండదారి దిగి ఉద్యోగానికి తిరిగి వెళ్లాలి. బయట అప్పటికే చినుకులు పడుతున్నాయి.

"మార్పించరా. ఆ తేడా నేనిస్తా."

"బిగించినవి విప్పించమంటావా? నీకన్నీ భయాలే అక్కా. నిన్ను ఇంటి దగ్గర దింపేసి పోతా."

అక్క కారెక్కి బెల్టు పెట్టుకుంది. "దింపొద్దు. నీతోనే వస్తా. నేను పక్కనుంటే మెల్లగా నడుపుతావు."

"నీ ఇష్టం," అని తమ్ముడు మళ్లీ నవ్వాడు.

దుకాణం ముందు మలుపులో కారు మెల్లగానే తిరిగింది. అయినా వెనక చక్రాలు జానెడు పక్కకు జారాయి. తమ్ముడు నవ్వడం మానేశాడు.