రెండు నిమిషాల వీడియో

ఇబ్రహీంపట్నం బస్టాండు ఎదురుగా, జిరాక్సు షాపు పైగదిలో బాలేష్ వార్తల ఛానల్ నడుపుతాడు. అందులో జీతానికి పనిచేసేది మనోజ ఒక్కతే. బాలేష్ ఊళ్ళు తిరిగి వీడియోలు తీసి పంపుతాడు. వాటిని ఫేస్‌బుక్, యూట్యూబ్, ఇన్‌స్టా, ఎక్స్, షేర్‌చాట్ ఐదింట్లోనూ పెట్టడం ఆమె పని. ఒకదానికి వీడియో అడ్డంగా కావాలి, ఇంకోదానికి నిలువుగా. ఒకచోట పావుగంటైనా చూస్తారు, మరోచోట అరనిమిషం దాటితే వేలితో తోసేస్తారు. ఆ ఊళ్ళోనే ఇంకో మూడు ఛానళ్ళున్నాయి. అన్నిట్లోనూ వాళ్ళకంటే ముందు పడాలన్నది బాలేష్ పంతం.

ఆ గురువారం పొద్దున శేరిగూడ దగ్గర లారీ ఒక బైకును గుద్దింది. బాలేష్ పంపిన వీడియో రెండు నిమిషాలుంది. మనోజ మొదటి అరనిమిషం ఉంచి మిగతాది కత్తిరించి, కిందపడ్డవాడి ముఖం కనిపించకుండా మసక పెట్టబోతుంటే బాలేష్ ఫోన్ చేశాడు.

"ఇంకెంతసేపు మనోజా? అవతలోళ్ళు పెట్టేసిండ్రు. గట్లనే పెట్టెయ్!"

పెట్టేసింది. పేరు, ఊరు, చనిపోయిన సంగతీ బాలేషే చెప్పాడు. మంచాల గ్రామానికి చెందిన మహేశ్వర్ అక్కడికక్కడే మృతి అని రాసింది.

కాసేపటికి వీడియో కింద కామెంట్లలో శోభ అనే ఆమె రాసింది: "వాడు మా తమ్ముడు. మా అమ్మ ఫోన్‌ల చూసి పడిపోయింది. దండం పెడ్త, తీసెయ్యుండ్రి."

మనోజ వెంటనే నాలుగింట్లో తీసేసింది. ఫేస్‌బుక్‌లో పెట్టినది తీసే వీలు మాత్రం బాలేష్‌కే ఉంది. అతనికి ఫోన్ చేసింది.

"నలభై వేలమంది చూసిండ్రు. ఇప్పుడు తీస్తనా?" అన్నాడు.

"వాళ్ళమ్మ చూసిందంట అన్నా."

"ఫికర్ చెయ్యకు. రేపటికల్లా అందరు మర్చిపోతరు."

ఫోన్ పెట్టేశాక మనోజ ఆ వీడియో మొదటిసారి చివరిదాకా చూసింది. ఆమె కత్తిరించిన చోటు దాటాక మహేశ్వర్ చెయ్యి కదిలింది. "తమ్మీ, పేరేంది? ఏ ఊరు?" అని బాలేష్ గొంతు. అతను చెప్పాడు. తర్వాత, "అన్నా, మా అమ్మకు ఫోన్ చెయ్యి" అని నంబరు చెప్పడం మొదలుపెట్టాడు. ఐదంకెల దగ్గర మాట ఆగిపోయింది. కెమెరా అతని ముఖం మీదనే ఉంది.

మూడోనాడు ఆమె మంచాల బస్సెక్కింది. మహేశ్వర్ ఇంటి వాకిట్లోనే అతని అక్క శోభ ఎదురైంది.

"వీడియో పెట్టింది నేనే అక్కా," అంది మనోజ.

శోభ ఆమె చెంప మీద కొట్టింది. మనోజ కదల్లేదు.

"కొట్టకు బిడ్డా," అంది లోపల గోడకు ఒరిగి కూచున్న తల్లి సుక్కమ్మ. మనోజను దగ్గరికి పిలిచింది. "అక్కడికక్కడే పోయిండని రాసినవట గదా. వానికి నొప్పి తెల్వలే అంటుండ్రు అందరు. నిజమేనా?"

ఉన్నదున్నట్టు చెప్పాలనే మనోజ వచ్చింది. ఆ ముసలి కళ్ళలోకి చూశాక నోరు మరోలా పలికింది.

"అవ్ అమ్మా. ఏం తెల్వలే."

బయటికొచ్చాక వీడియో మొత్తం శోభకు పంపింది. శోభ గోడ చాటుకు పోయి, ఫోను చెవికి ఆనించుకుని విన్నది. తమ్ముడి గొంతు ఆగినచోట మిగిలిన అంకెలు తనే పలికింది. 

"మా అమ్మకు చెప్పకు," అంది. "నేను ఠాణాకు పోత. నువ్వొస్తవా?"

"వస్త."

ఇద్దరూ కలిసి వెళ్ళి బాలేష్ మీద ఫిర్యాదు రాసిచ్చారు. పోలీసులు పిలిపించాక బాలేష్ ఆ వీడియో తీసేశాడు, మనోజను పనిలోంచి తీసేశాడు. అప్పటికే ఎవరెవరో దాన్ని తమ ఫోన్లలోకి దించుకున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో అది ఇంకా తిరుగుతోంది.

పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ సుక్కమ్మ ఒకటే చెబుతోంది. "ఛానల్ పిల్లనే వచ్చి చెప్పింది. నా కొడుకుకు నొప్పి తెల్వలేదంట."

పక్కనే కూచున్న శోభ అవునని తలూపుతుంది.