తీసేస్తే మిగిలింది

నర్సును ఇంటింటికీ పంపితే పసిబిడ్డల జబ్బులు తగ్గుతాయా, లేక ఎలాగూ వాటంతటవే తగ్గేవా? ఇది తేల్చడం లెక్కలావిడ పని. చీటీలు తీసి సగం వీధులకు నర్సులనిచ్చారు. మిగతా సగాన్ని పోల్చి చూడటానికి ఊరికే వదిలేశారు. నర్సు వెళ్లిన వీధుల్లో తగ్గిన జబ్బుల్లోంచి, వెళ్లని వీధుల్లో తగ్గినవి తీసేస్తే మిగిలేదే నర్సుల పుణ్యం. అది ఘనంగా ఉంటే పథకం నిలుస్తుంది. లేదంటే ఎత్తేస్తారు.

తీసేస్తే సున్నా మిగిలింది.

ఆవిడ నమ్మలేక మళ్లీ వేసి చూసింది. జబ్బులు రెండువైపులా సగానికి సగం పడిపోయాయి. నర్సు వెళ్లని వీధుల్లో ఎందుకు పడిపోవాలి? అనుమానం పురుగులా తొలుస్తుంటే సాయంత్రం వదిన ఇంటికి వెళ్లింది. ఆ నర్సుల్లో వదిన కూడా ఉంది. తిరిగి తిరిగి వాచిన కాళ్లు వేడినీళ్ల బకెట్లో పెట్టుకుని కూర్చుంది.

“వదినా, నీది కాని వీధిలోకి గానీ వెళ్లావా?”

“ఆడబిడ్డ ఆరా మొదలైందా?” అని నవ్వింది వదిన. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. “పక్క వీధిలో బిడ్డకి డొక్కలెగురుతుంటే, మీకు చీటీ రాలేదమ్మా అని చెప్పి రమ్మంటావా? నేనొక్కదాన్నే కాదు, అందరం వెళ్లాం.”

వాళ్లు చేసిన మేలే ఆ మేలును లెక్కలోంచి చెరిపేసిందని ఎలా చెప్పాలో లెక్కలావిడకు తెలియలేదు. తడబడుతూనే చెప్పింది. వదిన బకెట్లోంచి కాళ్లు తీసి తుడుచుకుంటూ, ఉన్నది ఉన్నట్టు రాసేయమంది.

మర్నాడు పై అధికారి అంతా ఓపిగ్గా విన్నాడు. చెడ్డవాడేం కాదు. నర్సులు అసలు అడుగుపెట్టని వేరే ఊరితో పోల్చి చూద్దామని ఆవిడ బతిమాలింది. ఫలితం చూశాక పోల్చే ఊరు మార్చుకుంటూ పోతే ఎవరికి కావలసింది వాళ్లు తేల్చుకోవచ్చన్నాడు. అందుకే మార్చకూడదని మొదట్లోనే షరతు పెట్టుకున్నామని, పట్టుబట్టి పెట్టించింది ఆవిడేనని గుర్తు చేశాడు.

“నర్సుల సంగతి రాయండమ్మా, వద్దనను. కానీ పైవాళ్లు చదివేది ఆ సున్నా ఒక్కటే.”

అలాగే చదివారు.

పథకం ముగిసిన రోజు ఆవిడ వదినకు తోడుగా ఆఫీసుకు వెళ్లింది. సంచీ, స్టెతస్కోపు అప్పగించి గేటు దాటేసరికి ఒక తల్లి బిడ్డను చంకనేసుకుని ఎదురొచ్చింది. బిడ్డ ఊపిరి ఈల వేస్తోంది. మీది ఏ వీధి అని అడగబోయి లెక్కలావిడ నోరు మూసుకుంది. వదిన వంగి, ఆ గుండెలకు చెవి ఆనించి విని, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమంది.

“అంత దూరమా? రేపు ఎలాగూ మా ఇంటికి వస్తారుగా. అందాకా ఆగుతాం లెండి.”

తల్లి వెనుదిరిగి నడిచింది. ఇక రానని చెప్పడానికి వదిన ఆమె వెంట పరుగెత్తింది.