కుడి మణికట్టు వాసన

ఆగుండ్రి ఆగుండ్రి, పోకుండ్రి! జర గీడ నిలవడి ఇనుండ్రి, మా సిద్ధుగాడు వేములవాడల ఇరుక్కున్న ముచ్చట చెప్త. ఇరుక్కునుడంటె అట్లాంటిట్ల కాదు. ముంగట కోడె, ఎన్క జనం, రెండు దిక్కుల ఇనుప కడ్డీలు. చేతిల కోడె తాడు. గా తాడు పట్టిన చేతికి సెంటు!

సెంటు కాడికెళ్లే మొదలువెట్టాలె. సిద్ధుకు సెంట్ల పిచ్చి. గోదావరిఖనిల బొగ్గుబాయి క్వార్టర్లల్ల పెరిగిండు, కరీంనగర్‌ల డిగ్రీ చదివిండు. కాలేజీ అయిపోంగనే పోయి ఓ సెంట్ల దుకాణంల నిలవడుడు, ఏ సీస దొరికితె గది వాసన చూసుడు. గట్ల చూసి చూసి ముక్కుకు మస్తు పదునొచ్చింది. గా ముక్కు సంగతి తెలిసి హైదరాబాద్‌ల సెంట్లు తయారుచేసే ఒకాయన "సోమవారం వచ్చి చేరు తమ్మీ, పని నేర్పిస్త" అన్నడు. వీడు ఎగిరి గంతేసి "వస్త సార్" అన్నడు. ఇంట్ల మాత్రం చెప్పలే.

ఎట్ల చెప్తడు? గదే సోమవారం వాడు బొగ్గుబాయిల చేరాలె! వాళ్ల బాపు రాజలింగు బాయిల పని చేసి చేసి పాణం కరాబై, అన్‌ఫిట్ అయి, తన నౌకరి కొడుకుకు ఇప్పిచ్చిండు. ఒక్కసారి ఇచ్చినంక అది మళ్ల బాపుకు రాదు. కొడుకు చేరకపోతె ఇంట్ల ఎవ్వలకూ నౌకరి లేదు, క్వార్టర్ గూడ ఖాళీ చేసుడే. ఇంకో సంగతి ఉన్నది. బాపుకు వాసన తెల్వది. "దుమ్ము మింగి మింగి ముక్కు బందైంది బిడ్డ. చాపల పులుసైనా పచ్చిపులుసైనా నాకు ఒక్కటే" అని నవ్వుతడు. బాపు గట్ల నవ్వినప్పుడల్ల సిద్ధు తన ముక్కు పట్టి చూసుకుంటడు, ఉన్నదా లేదా అని.

అవ్వ చంద్రవ్వేమో కొడుకు నౌకరి ఖాయమైతె వేములవాడ రాజన్నకు కోడె కడ్తనని, కొడుకు చేత కోడెను గుడి సుట్టు తిప్పిస్తనని మొక్కింది. ఆదివారం పొద్దుగాల అందరు తానాలు చేసి కారు ఎక్కిన్రు. ఎక్కంగనే సిద్ధు జేబులకెళ్లి రెండు చిన్న సీసలు తీసిండు.

"రెండు ఒకటే సెంటు గదనే అన్నా, రెండెందుకు?" అన్నది చెల్లె అమూల్య.

"పేరు ఒకటే. ఇది ఈడీటీ, పల్చటిది. ఇది ఈడీపీ, చిక్కటిది. ఎడమ చేతికి పల్చటిది, కుడి చేతికి చిక్కటిది. పొద్దుమీకేదాక చేతులు కడుగుడు లేదు."

"అంటె ఒకదాంట్ల నీళ్లు ఎక్కువ వోసిన్రు. నీళ్ల పాలు, చిక్కటి పాలు. గంతే గదా?"

"గంతే కాదే పిల్లా! పల్చటిది కొట్టంగనే నిమ్మతొక్క లెక్క దుంకుతది, మస్తు ఉషారు, జల్ది దిగిపోతది. చిక్కటిది సప్పుడు చెయ్యకుంట కూసుంటది. ఎండ తగిలి చెమట వడితె గప్పుడు లేస్తది సూడు... మిరియం, చెక్క, దాని ఎన్కకెళ్లి తోలు!"

"తోలా? చెప్పుల దుకాణమా?"

"మంచి ఖరీదు చెప్పుల దుకాణం."

ముంగట సీటుకెళ్లి అవ్వ లొల్లి వెట్టింది. "అద్దాలు దించుండ్రి, నాకు తల తిరుగుతుంది! గుడికి పోతున్నమా, బరాత్‌కు పోతున్నమా?"

బాపు ఒక్కడే ఏం తెల్వనట్టు కిటికీలకెళ్లి చూస్కుంట కూసున్నడు.

వేములవాడల ఎండ దంచుతుంది. టికెట్ తీసుకొని కోడె లైన్ల నిలవడ్డరు. తెల్లటి కోడె, నొసట పసుపు కుంకుమ, మంచిగున్నది. సిద్ధు ఎడమ చేతితోటి దాని మెడ నిమిరితె అది వాసన చూసి చెయ్యి నాకింది! నాలిక బరక బరక ఉన్నది. వీడు నవ్విండు. ఎడమది పాస్, ఇంకా జరంత నిమ్మ ఉన్నది అనుకున్నడు మనసుల.

"ఎడమ చేత ముడుతవారా దేవుని కోడెను? కుడిచేత పట్టు తాడు!" అన్నది అవ్వ.

కుడిచేత పట్టిండు. గప్పటికే చెమటకు చిక్కటిది లేచి కూసున్నది. మిరియం ఒక్కటే ఘాటు, తోలు ఒక్కటే వాసన. కోడె మణికట్టు కాడ ముట్టె వెట్టింది. బుస్సుమన్నది. తలకాయ ఎన్కకు గుంజుకున్నది. నాలుగు కాళ్లు నాటేసి నిలవడ్డది. వీడు గుంజుతె కదల్లే. అదిలిస్తె కదల్లే.

"ఓ తమ్మీ! కోడెను పట్టినవా, గోడను పట్టినవా?" ఎన్కకెళ్లి ఒకడు.

"బండి స్టార్ట్ అయితలేదా? నూకుమంటవా?" ఇంకొకడు.

అందరు నవ్విన్రు. అవ్వ నవ్వలే. మొఖం తెల్లవడ్డది. ఎందుకంటె వీళ్లింట్ల ఓ నమ్మకం ఉన్నది, సిద్ధు నాయనమ్మ ఐలవ్వ కాలం నాటిది. తాడు పట్టినోడు కడుపుల ఏమన్న దాపెట్టుకొని వస్తె కోడె అడుగెయ్యదని.

"కొడుకా... ఏం దాపెట్టినవ్ రా?"

సిద్ధు పరేషాన్‌ల తాడు ఎడమ చేతికి మార్చిండు. కోడె మెల్లగ ఒక అడుగేసింది! అవ్వ చెయ్యి మీద ఒక్కటి వేసింది, "కుడిచెయ్యి రా! మొక్కు గది!" మళ్ల కుడిచేత పట్టిండు. మళ్ల బుస్సు. మళ్ల గోడ.

అమూల్య చెవుల గుసగుస వెట్టింది, "అన్నా, గిది నీ చెప్పుల దుకాణం పనే. అవ్వకు సెంటని చెప్పి చెయ్యి మార్చు, ఐపోతది."

నిజమే, ఐపోతది. సెంటు అవ్వా అంటె చాలు. అవ్వ నాలుగు తిట్లు తిడ్తది, కోడె నడుస్తది, మొక్కు తీర్తది. తెల్లారి సోమవారం. బాయిలకు దిగుడు, దుమ్ము మింగుడు. పారిపోదామంటె కడ్డీల నడుమ మనిషి తిరిగే జాగ లేదు. ఇక్కడా లేదు, ఇంటికాడా లేదు.

కాని చెయ్యి మార్చకపోతె? "అవును అవ్వా, దాపెట్టిన" అంటె? ఇంత మందిల, దేవుని ముంగట, బాపు ఇనంగ? క్వార్టర్ పోతది. బాపు ఇచ్చిన నౌకరి గంగల కలుస్తది. కోడె ఆగింది తోలు వాసనకని వాడికి, చెల్లెకే ఎరుక. మరి దాపెట్టింది గూడ నిజమే గదా!

గప్పుడు బాపు కడ్డీ పట్టుకొని, ఎగపోసుకుంట దగ్గరికొచ్చిండు. కొడుకు భుజం మీద చెయ్యేసిండు.

"నాకు వాసనలు తెల్వయి గని బిడ్డ, నీ మొఖం తెలుస్తది. వారం సంది అన్నం సక్కగ తింటలేవు. ఏమన్న ఉంటె గిప్పుడే చెప్పు. రేపు దిగినంక చెప్తె ఏం ఫాయిదా?"

సిద్ధు బాపు దిక్కు చూసిండు. నోరు సగం తెరిచిండు. "ఏ తమ్మీ, జరుగు!" అని ఎన్కకెళ్లి మళ్ల ఒర్రిన్రు. అవ్వ రెండు చేతులు జోడించి కోడె దిక్కే చూస్తుంది. ఎడమ చేతిల వాసన ఉన్నదా లేదా అన్నట్టున్నది. కుడి చేతిల తాడు చెమటకు జారుతుంది, తోలు వాసన మాత్రం ఇంకింత పెరుగుతుంది. కోడె కదలకుంట పెద్ద పెద్ద కండ్లతోటి వాణ్నే చూస్తుంది.

ఇగ చెప్పుండ్రి, వాని జాగల మీరుంటె ఏం చేస్తురు? చెయ్యి మారుస్తురా, నోరు తెరుస్తురా?